ఆ ఒడ్డున మాత్రమే నడిచే సాఫ్ట్‌వేర్

శనివారం పొద్దున ఫర్హీన్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. చాయ్ తాగాలి. విలాస్ సేట్ కంప్యూటర్లో తన సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. మధ్యాహ్నం ఆయన వచ్చేసరికి కాంటా మీద ఏదో ఒకటి పెట్టి, తూకం రసీదు ఆయన చేతికివ్వాలి. ఆయన సరే అన్నాడా, సోమవారం నాగపూర్ వెళ్లి ఉద్యోగంలో చేరే గొడవ తప్పుతుంది. ఇంత సులువైన పని చెడిపోవాలంటే ఇంటిల్లిపాదీ పూనుకోవాలి. పూనుకున్నారు.

విలాస్ సేట్‌కు అహేరి దారిలో వడ్ల లారీలు తూచే ధర్మకాంటా ఉంది. పాత సాఫ్ట్‌వేర్ మొరాయించడంతో, ఆఫీసు కంప్యూటర్‌ను పోయిన వారం జీపులో తెచ్చి, నదికి ఈవల మహారాష్ట్ర ఒడ్డున ఉన్న సిరోంచలో జమీర్ షాపులో దింపి, "మీ బిడ్డ చేస్త అన్నది కదా, చెయ్యమనుండ్రి. శనివారం కాళేశ్వరం పోయి వచ్చేటప్పుడు చూస్త" అని వెళ్లాడు. ఆ బిడ్డే ఫర్హీన్. చంద్రపూర్‌లో కంప్యూటర్ చదువు పూర్తి చేసి వచ్చింది. ఇంట్లో ఒప్పందం కూడా తేల్చి చెప్పింది. తన సాఫ్ట్‌వేర్ ఒక్కరు తీసుకున్నా సిరోంచలోనే సొంతంగా పని మొదలుపెడుతుంది, లేదంటే నోరు మూసుకుని నాగపూర్ బస్సెక్కుతుంది. నాగపూర్ కంపెనీలో వందమందిలో ఒక కుర్చీ. సిరోంచలో ఊరందరికీ కలిపి ఒకటే కుర్చీ, అదీ తనది. ఆ కుర్చీ అంటే ఆమెకు ప్రాణం.

జమీర్ షాపులో మిక్సీలు, ఫ్యాన్లు, స్టెబిలైజర్లు బాగుచేస్తాడు. ఆయన లెక్కలో లోకంలోని ఏ యంత్రమైనా రెండే కారణాలతో చెడిపోతుంది. కరెంటు ఎక్కువ రావడం, లేదా తక్కువ రావడం. ఈ సిద్ధాంతం మీద ఆయనకున్న నమ్మకం ఇప్పటిదాకా చెక్కుచెదరలేదు.

షాపు కంప్యూటర్ విండోస్‌ది. విలాస్ సేట్ దింపిన డబ్బా లినక్స్‌ది. రెండూ కంప్యూటర్లే గానీ తోటికోడళ్ల వంటివి. ఒక చూరు కిందే ఉంటాయి, ఒకరి వంట ఇంకొకరికి గిట్టదు. అందుకని ఫర్హీన్ షాపు కంప్యూటర్ మీద ప్రోగ్రామ్ రాసి, పెన్‌డ్రైవ్‌లో డబ్బాకు చేర్చి, అక్కడ దానికి నచ్చేలా మళ్లీ తయారు చేయించాలి. దీన్నే కంప్యూటర్ వాళ్లు బిల్డ్ చేయడం అంటారు. పరీక్ష కోసం ఎవరో కిరాణా వాళ్లు రిపేరుకిచ్చి మరిచిపోయిన బస్తాల కాంటా ఒకటి షాపులోనే ఉంది. పక్క కొట్టు దర్జీ సమ్మన్న తన ఇస్త్రీ పెట్టె అరువిచ్చాడు. అరువిచ్చి వెళ్లిపోతే ఆయన సమ్మన్న ఎందుకవుతాడు, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

ఇస్త్రీ పెట్టె కాంటా మీద పెట్టారు. షాపు కంప్యూటర్లో ఆరు కిలోలు అని పడింది. అదే కాంటాను డబ్బాకు తగిలించి, బిల్డ్ చేసి, మళ్లీ పెట్టారు. సున్నా.

"గింతేనా, ఇది చిన్న పని" అంది ఫర్హీన్. నిజంగా చిన్న పనే. కాంటా వైరు తగిలించిన చోటును విండోస్ ఒక పేరుతో పిలుస్తుంది, లినక్స్ ఇంకో పేరుతో పిలుస్తుంది. ఆ పేరు మార్చడం మరిచిపోయింది. షాపు కంప్యూటర్లో పేరు మార్చి, పెన్‌డ్రైవ్‌లో డబ్బాకు చేర్చి, బిల్డ్ నొక్కింది. డబ్బా క్షణంలో పని ముగించి, అంతా తాజాగానే ఉందని తెర మీద ఇంగ్లీషులో రాసింది.

"చూసినవా అబ్బా? ఎట్ల ఉరుకుతుందో!" అంది ఫర్హీన్ తండ్రితో గర్వంగా.

ఇస్త్రీ పెట్టె పెట్టారు. సున్నా.

ఫర్హీన్ కనుబొమ్మలు ముడిపడ్డాయి. తప్పు ఇంకెక్కడో ఉందనుకుని ఇంకోటి మార్చింది. తాజాగానే ఉందంది డబ్బా. తూకం సున్నా. మరొకటి మార్చింది. తాజాయే, సున్నాయే. మొదట చేసిన మార్పే సరైనదని ఆమెకు లోపల తెలుసు. కానీ ఎదురుగా సున్నా కనిపిస్తుంటే ఎంత ధీమా అయినా సడలుతుంది. ఒకటి మారిస్తే బాగుపడే ప్రోగ్రామ్‌లో ఆమె అరడజను చోట్ల చెయ్యి పెట్టింది.

"బేటా, నువ్వు జర పక్కకు జరుగు. ఇది ఎర్తింగ్ కథ" అన్నాడు జమీర్.

"ఎర్తింగ్‌కు దీనికి సంబంధం లేదు అబ్బా!"

"ఎర్తింగ్‌కు సంబంధం లేనిది ఏదన్నా ఉంటదా?" అని ఆయన షాపు వెనక గుంతలో ఉప్పు పోసి, రెండు బిందెల నీళ్లు కుమ్మరించి, చెప్పుల నిండా బురదతో లోపలికొచ్చాడు. తూకం సున్నాయే. కాకపోతే ఇప్పుడు షాపు నేలంతా బురద.

ఇక సమ్మన్న వంతు వచ్చింది. "ఫర్హీన్ బిడ్డా, లారీలు తూచే దానికి ఇస్త్రీ పెట్టె ఏం ఆనుతది? దాని కంటికే కనబడదది. బరువుది పెట్టాలె" అన్నాడు. ఫర్హీన్ వద్దనేలోపే ఆయన జమీర్ ఇంట్లోకి వెళ్లి కుక్కర్ పట్టుకొచ్చాడు. సున్నా. ఎదురింటి వాళ్ల మిరపకాయల బస్తా ఈడ్చుకొచ్చాడు. అది గడపకు తగిలి చిరిగి, షాపులో ఉన్నవాళ్లందరికీ తుమ్ములు పట్టుకున్నాయి. సున్నా. చివరికి తుమ్ముతూనే తనే కాంటా ఎక్కి నిలబడ్డాడు.

"ఎంతొచ్చింది?"

"సున్నా కాకా" అంది ఫర్హీన్ కళ్లు తుడుచుకుంటూ.

"నేను సున్నానా!" సమ్మన్న నిజంగానే నొచ్చుకున్నాడు.

అంతలో ఫర్హీన్ తల్లి బదరున్నీసా గరిటెతో సహా షాపులోకి వచ్చింది. "నా కుక్కర్ ఎవరు తెచ్చిండ్రు? పప్పు సగం ఉడికింది అండ్ల!" అని, దాన్ని తీసుకుని, అందరినీ పేరుపేరునా చూసి, తుమ్మి, వెళ్లిపోయింది.

ఫర్హీన్ ఆఖరి ప్రయత్నంగా తనతో చదివిన శ్రావణికి ఫోన్ చేసింది. శ్రావణిది మంచిర్యాల, ఇంట్లో కిరాణా కొట్టు, కొట్లో కాంటా, చేతిలో లినక్స్ లాప్‌టాప్. ఫర్హీన్ ప్రోగ్రామ్ మొత్తం పంపింది. కాసేపటికే ఆమె నుంచి ఫోన్ వచ్చింది.

"నా దగ్గర మంచిగనే నడుస్తుంది కదనే! చక్కెర పొట్లం పెట్టిన, కిలో అని వచ్చింది. నీ దగ్గరే ఏదో ఉన్నది చూసుకో."

ఫోన్ స్పీకర్‌లో ఉంది. సమ్మన్న విన్నాడు. విని, స్టూలు మీద నుంచి మెల్లగా లేచాడు.

"జమీర్ భాయ్, మంచిర్యాల ఏడుంది?"

"మంచిర్యాలలనే ఉంది."

"తెలంగాణల ఉంది! మనం ఏడున్నం? మహారాష్ట్రల. ఆ ఒడ్డుకు నడుస్తుంది, ఈ ఒడ్డుకు నడుస్తలేదు. ఇగ ఇంతకంటె సాఫ్ సీదా ఎవరు చెప్తరు?"

ఇంకో ఊళ్లో అయితే ఈ మాటకు నవ్వేవారు. సిరోంచలో నవ్వరు. ఇక్కడ ఫోన్ మాట్లాడాలంటే నది ఒడ్డుకు నడిచి, ఆవలి టవర్ సిగ్నల్ పట్టుకున్న రోజులు ప్రతివాళ్లకూ ఉన్నాయి. మందుల నుంచి మేనరికాల దాకా ఈ ఒడ్డున దొరకనిది ఆ ఒడ్డున దొరుకుతుందని వాళ్లకు అనుభవం మీద తెలుసు. జమీర్ గడ్డం నిమురుకున్నాడు. "కరెంటు ఫరక్ ఉంటది. ఆ కరెంటు వేరే" అన్నాడు. ఆయన సిద్ధాంతానికీ ఇది సరిపోయింది.

"సాఫ్ట్‌వేర్‌కు రాష్ట్రం ఏంది అబ్బా? నా పరువు తీస్తున్నరు మీరు!" అని ఫర్హీన్ తల పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే విలాస్ సేట్ ఫోన్ చేశాడు. కాళేశ్వరంలో దర్శనం లైను కదలడం లేదట. "ఆలస్యమైతున్నది. సిరోంచల జీపు ఆపుత గాని దిగ, డబ్బా జీపుల పెట్టుండ్రి. నడిస్తే నడిచిందని చెప్పుండ్రి, నడవకపోతే ఇంకొకన్ని చూసుకుంట" అన్నాడు. ఏమని చెప్పాలా అని ఫర్హీన్ నోరు తెరిచేలోపు జమీర్ ఫోన్ లాక్కున్నాడు.

"సేట్, మీరు ఆగాల్సిన పనే లేదు. మేమే ఆ ఒడ్డుకు వస్తున్నం. వంతెన దాటంగనే పోశక్క హోటల్ ఉంటది కదా, ఆడ మీ కండ్ల ముంగట నడిపించి చూపిస్తం. పూచీ నాది, నాది జిమ్మా!"

జమీర్ ఫోన్ పెట్టేసి గట్టిగా తుమ్మాడు. ఫర్హీన్‌కు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. సోమవారం నాగపూర్ బస్సులో కిటికీ పక్కన కూర్చున్న తన ముఖం కూడా కనిపించింది. కానీ నోటితో సున్నా అని చెప్పడం కంటే ఎదురుగా నిలబడి సున్నా చూపించడమే మర్యాద అనుకుంది. దుపట్టా సరిచేసుకుని, "పదండ్రి" అంది.

ఉమేష్ ట్రాలీ ఆటో వచ్చింది. డబ్బా, దాని తెర, రసీదుల ప్రింటర్, ఎక్స్‌టెన్షన్ బాక్సు, కాంటా, ఇస్త్రీ పెట్టె ఎక్కాయి. ఫర్హీన్ షాపు కంప్యూటర్ కూడా ఎక్కించబోతే సమ్మన్న అడ్డుపడ్డాడు.

"అది ఒద్దు బిడ్డా. అది మహారాష్ట్ర కంప్యూటర్. పొద్దటి సంది పని చెడగొడుతున్నదే అది."

వాదించే ఓపిక లేక ఫర్హీన్ దాన్ని వదిలేసింది.

వంతెన దగ్గర పోలీసాయన ఆటో ఆపి, దుప్పట్లో చుట్టిన డబ్బానూ బయటికి వేలాడుతున్న వైర్లనూ అనుమానంగా చూశాడు. "ఏందిది? ఎక్కడికి?"

"కంప్యూటర్ సార్. ఇక్కడ నడుస్తలేదు, తెలంగాణకు తీస్కపోతున్నం" అన్నాడు సమ్మన్న ధైర్యంగా.

ఫర్హీన్ సిగ్గుతో కళ్లు మూసుకుంది. పోలీసాయన చేతిలో ఉన్న తన ఫోన్‌ను ఒకసారి చూసుకుని, నిట్టూర్చాడు. "పోండ్రి. నాదీ గంతే" అన్నాడు.

పోశక్క హోటల్లో ఒకటే ప్లగ్గు ఉంది, దానికి ఫ్రిజ్ తగిలించి ఉంది.

"ఫ్రిజ్ తీస్తే నా పెరుగు పులుస్తది" అంది పోశక్క.

"జర సేపే అక్కా. పులిస్తే మజ్జిగ చేసి మాకే పొయ్యి, తాగుతం" అన్నాడు జమీర్.

డబ్బా వెలిగింది. చుట్టూ చాయ్ తాగేవాళ్లు మూగారు. ఫర్హీన్ దగ్గర ఇప్పుడు షాపు కంప్యూటర్ లేదు. ఏం మార్చినా ఈ డబ్బా కీబోర్డు మీదే మార్చాలి. కంగారులో చేసిన మార్పులన్నీ ఒక్కొక్కటిగా తీసేసింది. మొదట తనకు సరైనదని తోచిన ఆ ఒక్క పేరు మార్పు మాత్రం ఉంచింది. సేవ్ చేసి బిల్డ్ నొక్కింది. ఈసారి డబ్బా క్షణంలో ముగించలేదు. తెర మీద వరసలు వరసలుగా ఏదేదో పరుగెత్తింది, లోపల ఫ్యాను గుర్రుమంది. పొద్దున్నుంచీ ఇది ఎప్పుడూ ఇంత కష్టపడలేదే అనుకుంది ఫర్హీన్.

ఇస్త్రీ పెట్టె ఎవరికి గుర్తుంటుంది? సమ్మన్న చెప్పులు విప్పి కాంటా ఎక్కాడు. ప్రింటర్ కిర్రుమంటూ రసీదు కక్కింది. వాహనం: సమ్మన్న. బరువు: ఎనభై నాలుగు కిలోలు.

హోటలంతా కేకలు. జమీర్ కూతురి నెత్తిన చెయ్యి పెట్టి, "నేను చెప్పలే? కరెంటు!" అన్నాడు. సమ్మన్న మాత్రం రసీదును అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎనభై నాలుగా? డెబ్బై ఉండాలె నేను. ఇవి తెలంగాణ కిలోలా ఏంది?"

అప్పుడే విలాస్ సేట్ ప్రసాదం సంచితో జీపు దిగాడు. కాంటా చూశాడు, డబ్బా చూశాడు, సమ్మన్న చేతిలోంచి రసీదు తీసుకున్నాడు. వ్యాపారస్తుడు కదా, కింది నుంచి పైదాకా చదివాడు. చదివి చేతి గడియారం చూసుకున్నాడు.

"తూకం బరోబర్ ఉన్నట్టే ఉంది. మరి ఈ రసీదు మీద టైమ్ ఏంది? ఇప్పుడు ఒకటిన్నర అయింది. ఇండ్ల రెండున్నర కొట్టింది."

ఫర్హీన్ రసీదు లాక్కుని చూసింది. డబ్బా తెర మూల చూసింది. ఫోన్ చూసింది. ఆమె ముఖంలో రంగులు మారాయి.

"అబ్బా! ఈ డబ్బాల టైమ్ ఎవరు పెట్టిండ్రు?"

"నేనే పెట్టిన. లోపలి సెల్లు సచ్చిపోయింది, పొద్దుగాల కొత్తది ఏసిన. నీకు ఆ కష్టం ఎందుకని టైమ్ కూడ నేనే పెట్టిన" అన్నాడు జమీర్ మెప్పు కోసం చూస్తూ.

"ఏ గడియారం చూసి?"

"మన గోడ గడియారం."

"గోడ గడియారం అరగంట ముందుకు తిప్పి పెడతరు కదా మీరు, అహేరి బస్సు తప్పొద్దని!"

"పెడత. అరగంటనే పెడత. మరి గంట ఎట్లైంది?" అని జమీర్ నిజాయితీగా ఆశ్చర్యపోయాడు. ఫర్హీన్ ఇంటికి ఫోన్ చేసింది.

"మీ అబ్బా ఆ అరగంట మనసుల తీసేసుకుని తాపీగ బయల్దేరుతుండు. అందుకే ఆయనకు తెల్వకుంట నేను ఇంకో అరగంట పెట్టిన" అంది బదరున్నీసా, ఏ పశ్చాత్తాపమూ లేకుండా. "మీరు భోజనానికి వస్తున్నరా, రావట్లేదా?"

ఫర్హీన్ బల్ల మీద కూలబడింది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ కొంచెం కొంచెం చేసింది.

"ఏమైంది బిడ్డా? నడిచింది కదా" అన్నాడు సమ్మన్న.

"కాకా, నువ్వు అంగీ కుట్టి పెట్టినంక గిరాకీ వచ్చి కొలత మార్చమంటే మళ్ల విప్పి కుడతవు. కుట్టకముందు చెప్పిన మాటైతే మళ్ల ముట్టుకోవు. అది కుట్టుల ఇప్పటికే వచ్చేసింది అనుకుంటవు. ఈ డబ్బా కూడ గట్లనే. నేను మార్చినదాని మీద టైమ్ చూస్తది, తను తయారు చేసినదాని మీద టైమ్ చూస్తది. షాపు కంప్యూటర్ ఇంటర్నెట్ చూసి సరైన టైమ్ ఏస్తది. ఇదేమో గంట ముందల ఉన్నది. నేను ఏం మార్చి తెచ్చినా, అది తను కుట్టకముందు చెప్పిన మాటే అనుకుని పక్కన పెట్టేసింది. పొద్దటి సంది నేను చేసిన ఒక్కటంటే ఒక్క మార్పు కూడ లోపలికి పోలే! అంతా తాజాగా ఉన్నది అన్నది, నేను మురిసిపోయిన. శ్రావణి కొత్తగ కుట్టించింది, అందుకే ఆమెకు నడిచింది. ఇక్కడ షాపు కంప్యూటర్ లేకపాయె, డబ్బా మీదనే మార్చిన, రెండు టైములు కలిసినయి, నడిచింది."

సమ్మన్న అంతా శ్రద్ధగా విన్నాడు. తలూపాడు. "అంటె ఈ ఒడ్డుకు వచ్చినంకనే నడిచింది. నేనన్నది అదే" అన్నాడు.

ఫర్హీన్ ఆయన్ని వదిలేసి విలాస్ సేట్ వైపు తిరిగింది. "సేట్, కరెంటు కాదు, ఒడ్డు కాదు. మా ఇంటి గడియారం తప్పు. డబ్బా చెప్పింది సరిగ చదవకపోవుడు నా తప్పు. ఇప్పుడు టైమ్ సరిచేసి మళ్ల బిల్డ్ చేసి ఇస్త, అహేరిల కూడ నడుస్తది. నమ్మితే నమ్ముండ్రి, లేకుంటే లేదు."

విలాస్ సేట్ ప్రసాదం సంచి బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కున్నాడు. పోశక్క ఆయన ముందు మజ్జిగ గ్లాసు పెట్టింది. పెరుగు అప్పటికే పులిసింది.

"పాత సాఫ్ట్‌వేర్ చేసినోళ్లకు సీజన్ అంతా ఫోన్ చేసిన బేటీ" అన్నాడు ఆయన. "గేటు బయట లారీలు నిలబడ్డయి, డ్రైవర్లు నా మీదికి వచ్చిండ్రు. ఎన్నిసార్లు చేసినా ఒకటే మాట. మా దగ్గర మంచిగనే నడుస్తుంది సార్, మీ దగ్గరనే ఏదో ఉంది అని. మా దగ్గర నడుస్తుంది అనెటోళ్లు నాకు మస్తుమంది దొరికిండ్రు. నడుస్తలేదని డబ్బా, కాంటా, ఎనభై నాలుగు కిలోల మనిషిని ఆటోల ఏసుకుని నది దాటొచ్చినోళ్లు మీరే." మజ్జిగ తాగి ముఖం పులుపుగా పెట్టాడు. "సోమవారం వచ్చి ధర్మకాంటాకు తగిలించు. ఆఫీసుల ఇంకో రెండు కంప్యూటర్లు ఉన్నయి, అవీ చూడు."

ఫర్హీన్ అక్కడే ఎగిరి గంతేయలేదు గానీ, ఎగిరినంత పని చేసింది. జమీర్ కళ్లు తుడుచుకుంటూ అదంతా మిరపకాయల ఘాటు అన్నాడు. నాగపూర్ కంపెనీకి ఆమె ఆటోలోంచే ఫోన్ చేసి, రావడం లేదని మర్యాదగా చెప్పింది. ఇంటికొచ్చాక గోడ గడియారాన్ని తనే సరిచేసింది. జమీర్, బదరున్నీసా ఒకరినొకరు చూసుకున్నారు గానీ అడ్డు చెప్పలేదు.

మంగళవారానికల్లా జమీర్ షాపులో ఒక బల్ల, ఒక కుర్చీ ఫర్హీన్‌వి అయ్యాయి. బోణీకి బడి హెడ్‌మాస్టర్ వచ్చాడు. చంకలో దుప్పట్లో చుట్టిన ప్రింటర్ ఉంది. ఫర్హీన్ దుప్పటి విప్పి, మూత తెరిచి, లోపల ఇరుక్కున్న కాగితం ముక్క లాగి, ప్లగ్గు పెట్టింది. ప్రింటర్ చక్కగా ఒక పేజీ అచ్చువేసి బయటపెట్టింది.

హెడ్‌మాస్టర్ ఆ పేజీని చూసి సంతోషించలేదు. గుమ్మంలోంచి వంతెన వైపు చూశాడు.

"ఇక్కడనే బాగైందా మేడమ్? మరి ఆగుతదా?"

ఫర్హీన్ గడియారం సంగతి మొదటి నుంచి చెప్పింది. ఆయన విన్నాడు. తర్వాత ఇంకోసారి, సమ్మన్న కుట్టుపనితో సహా చెప్పింది. ఆయన మళ్లీ విని, "అదంతా సరే మేడమ్, ఆ ఒడ్డుకు ఎప్పుడు పోతున్నరు?" అన్నాడు.

ఫర్హీన్ ప్రింటర్‌ను మళ్లీ దుప్పట్లో చుట్టి, ఉమేష్ ఆటోకు ఫోన్ చేసింది.